ఢిల్లీ పన్ను, బస్తరు ప్లగ్గు

రాజధానిలో కార్ల మీద పన్నును గురించి చర్చ జరిగినప్పుడల్లా దాని వెనుక కార్లకంటె పెద్ద విషయాలు ఉంటాయి. ఏ కంపెనీ ఏ రాష్ట్రంలో ఫ్యాక్టరీ పెట్టింది, ఏ దేశపు సాంకేతిక జ్ఞానం ఎవరి చేతిలో ఉంది, ఏ మంత్రిగారి మాట ఆర్థికశాఖలో చెల్లుతుంది అన్నవి తెలిస్తేగాని ఆ శాతాల అర్థం బోధపడదు. కొన్నేళ్లుగా హైబ్రిడ్ కార్లపై సాగుతున్న వాదం ఇటువంటిదే. జపాను సంబంధం కల కంపెనీలు హైబ్రిడ్లకు పన్ను తగ్గించమంటున్నాయి. కేవలం విద్యుత్తుతో నడిచే కార్లలో పెట్టుబడి పెట్టిన స్వదేశీ కంపెనీలు వద్దంటున్నాయి. 2024లో రోడ్డు రవాణా మంత్రి నితిన్ గడ్కరీ హైబ్రిడ్ల పక్షాన మాట్లాడి, పన్ను తగ్గించమని ఆర్థికశాఖను కోరారు. ఆర్థికశాఖ విన్నది. వినడం, అంగీకరించడం ఢిల్లీలో వేరువేరు పనులని పాఠకులకు తెలియనిది కాదు.

పన్ను లెక్క క్లుప్తంగా ఇది. 2019 ఆగస్టు 1 నుంచి పూర్తి విద్యుత్ వాహనంపై జి.ఎస్.టి. 5 శాతం. పెద్ద హైబ్రిడ్ కారుపై 28 శాతం పన్ను, 15 శాతం సెస్సు, వెరసి 43 శాతం. 2025 సెప్టెంబరు 22న శ్లాబులు మారినప్పుడు 1200 సి.సి.కి, నాలుగు మీటర్ల పొడవుకు మించని చిన్న పెట్రోలు హైబ్రిడ్లు 18 శాతానికి దిగాయి. పెద్దవి 40 దగ్గర ఆగాయి. విద్యుత్ వాహనం 5 శాతంలోనే ఉండిపోయింది.

ఈ గొడవలో ఎటూ చెందని జాతి ఒకటి ఉన్నది. దానినే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటారు. మామూలు హైబ్రిడ్ తనకు కావలసిన విద్యుత్తును తన ఇంజను నుంచి, బ్రేకుల నుంచి తానే సంపాదించుకుంటుంది. అది గోడ మొగం చూడనక్కరలేదు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో బ్యాటరీ చాలా పెద్దది. రాత్రి గోడకు తగిలిస్తే ఉదయం నలభై మొదలు ఎనభై కిలోమీటర్ల దాకా పెట్రోలు చుక్క ముట్టకుండా నడుస్తుంది. ఆ పైన ఇంజను అందుకుంటుంది. తగిలించకపోతే? అది నూటయాభై, రెండు వందల కిలోల బ్యాటరీని వీపున మోస్తూ తిరిగే పెట్రోలు కారు. ఒకే కారు, ఒక ఇంట పొదుపరి, పక్కింట దుబారా మనిషి. ఈ తేడా షోరూములో తెలియదు, రిజిస్ట్రేషను కాగితంలో తెలియదు, పన్ను వేసే అధికారికి అసలే తెలియదు.

ఈ సంగతి నాకు ఢిల్లీలో కాక బస్తరు దారిలో స్పష్టపడింది.

రాయపూర్‌లో స్థిరపడిన తెలుగు మిత్రులొకరున్నారు. నాలుగు దశాబ్దాల క్రితం గోదావరి జిల్లా నుంచి కాంట్రాక్టు పనులమీద వెళ్లి అక్కడే ఉండిపోయారు. ఈ చలికాలంలో ఆయన భద్రాచలం ప్రయాణమై, 'మీరూ రండి, బస్తరు చూసినట్లుంటుంది' అని ఆహ్వానించారు. బస్తరు అంటే కాదనగల తెలుగువాడెవడు? 1323లో ఓరుగల్లు పడిపోయిన తరువాత కాకతీయుల వంశీయుడు అన్నమదేవుడు వెళ్లి రాజ్యం నెలకొల్పుకున్న నేల అది. ఒకప్పుడు ఒకే జిల్లాగా కేరళ రాష్ట్రంకంటె కొంచెం పెద్దది. ఇప్పుడు ఏడు జిల్లాలు. రాయపూర్ నుంచి ధమ్తరి, కాంకేర్, కేశ్‌కాల్, కొండగావ్‌ల మీదుగా జగదల్‌పూర్ సుమారు 300 కిలోమీటర్లు; అక్కడినుంచి దర్భా, సుక్మా మీదుగా కోంటా మరి 180. అదే 30వ నంబరు జాతీయ రహదారి. చివరికి వచ్చి మన విజయవాడ పొరుగున ఇబ్రహీంపట్నంలో ముగుస్తుంది.

మిత్రుని వాహనం దిగుమతి దర్జా కల ప్లగ్-ఇన్ హైబ్రిడ్. బ్యాటరీలో సుమారు 18 యూనిట్లు పడుతుంది. సామాను పెట్టడానికి వెనుక తలుపు తీస్తే, నల్లని సంచీలో చుట్ట చుట్టిన ఛార్జింగు తాడు కనబడింది. సంచీకి వేసిన కంపెనీ ముడి విప్పిన జాడ లేదు.

"ఇది ఎప్పుడైనా బయటకు తీశారా?" అని అడిగాను.

ఆయన నవ్వి, "పెట్రోలు బిల్లు మా కంపెనీ కడుతుందండీ. ఇంట్లో తగిలిస్తే కరెంటు బిల్లు మా ఆవిడ కడుతుంది. ఆవిడతో తగాదా ఎందుకు?" అన్నారు.

హాస్యానికి అన్న మాటే. కాని ఐరోపా ఖండంలో పదేళ్లపాటు ప్రభుత్వాలు పోసిన రాయితీ సొమ్ము ఏ బిలంలోకి పోయిందో తెలుసుకోవాలంటే ఈ ఒక్క మాట చాలు. అక్కడ ప్లగ్-ఇన్ హైబ్రిడ్లను విరివిగా కొన్నది కంపెనీలు. ఉద్యోగికి కారుతోపాటు పెట్రోలు కార్డు కూడా ఇచ్చాయి. ఇంటి దగ్గర ఛార్జి చేసుకుంటే ఖర్చు ఉద్యోగి జేబులోది, బంకులో పోయించుకుంటే యజమానిది. ఉద్యోగి ఏమి చేస్తాడో ఊహించడానికి ఆర్థికశాస్త్రం చదవనక్కరలేదు. 2022లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం సొంత కార్లవారు తిరిగిన దూరంలో 45 నుంచి 49 శాతం వరకు విద్యుత్తుతో నడిపితే, కంపెనీ కార్లవారు నడిపినది 11 నుంచి 15 శాతం మాత్రమే. ప్రయోగశాలలో అధికారులు ఊహించుకున్నది 70 నుంచి 85 శాతం! 2024 మార్చిలో ఐరోపా కమిషన్, కార్లలోనే అమర్చిన కొలమానాల లెక్కలు తీసి, ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు విడిచే కర్బన వాయువు కాగితం మీద చెప్పినదానికి సగటున మూడున్నర రెట్లని ప్రకటించింది. దాంతో 2025 నుంచి అక్కడ లెక్కకట్టే సూత్రమే మారింది. 2027లో ఇంకా బిగుస్తుంది. బ్రిటన్ ఈ కార్లకిచ్చే కొనుగోలు రాయితీని 2018లోనే ఎత్తివేసింది. షాంఘై నగరంలో కొత్త కారు నంబరు ప్లేటు వేలంలో కొనుక్కోవాలి. ప్లగ్-ఇన్ హైబ్రిడ్లకు ఉచితంగా ఇచ్చేవారు. 2023 జనవరి 1 నుంచి ఆ ఉచితం ఆగిపోయింది. చైనాలో ఈ కార్లకు ఆదరణ లేక కాదు. 2024 ఒక్క సంవత్సరంలో అక్కడ 50 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. ప్లేటు కోసం కారు కొని పెట్రోలు మీద తిప్పేవారు పెరిగారు, అంతే.

మొదటినాటి ప్రయాణం పెట్రోలు మీదే సాగింది. బ్యాటరీలో ఉన్నది, ఇంజను తన అవసరానికి అట్టిపెట్టుకునే అడుగు నిల్వ. కాంకేర్ దాటాక కేశ్‌కాల్ ఘాటీ వస్తుంది. మైదానం ముగిసి బస్తరు పీఠభూమి మొదలయ్యే గడప అది. లారీలు ఒకదాని తోకను ఒకటి పట్టుకుని మెలికలు ఎక్కుతుంటాయి; తేలిన్ మాత గుడి దగ్గర డ్రైవర్లు ఆగి దండం పెట్టుకుంటారు. మా కారు మోటారు సాయం చాలక ఇంజనును అరిపిస్తూ ఎక్కింది. ఇంతటి వాహనం ఇట్లా ఆయాసపడుతుందేమిటని నాకు తోచింది. కారణం కారు చెడిపోవడం కాదు. రెండు కాళ్లున్న మనిషి ఒక కాలు జేబులో పెట్టుకుని మెట్లెక్కినట్లున్నది.

ఆ కారు డ్రైవరు కోంటా ప్రాంతంవాడు. వయస్సు ముప్పై దాటదు. తెలుగు, గోండి, హల్బీ మూడూ మాట్లాడతాడు, హిందీ అవసరానికి. జగదల్‌పూర్‌లో మేము దిగిన లాడ్జిలో అతడే మేనేజరుతో బేరమాడి, పెరటి గదిలో గీజరుకు పెట్టిన పదిహేను ఆంపియర్ల ప్లగ్గు సంపాదించాడు. మేనేజరు ముందు వద్దన్నాడు, తరువాత 200 రూపాయలన్నాడు, చివరికి మీటరు ఎంత తిరిగితే అంత ఇమ్మన్నాడు. సంచీ ముడి ఆ రాత్రి విప్పారు.

"అయ్యగారూ, ఎద్దుకు రాత్రి మేత వేస్తేనే కదండీ పొద్దున నడక. దీనికి ఇన్నాళ్లూ మేత వెయ్యలేదు" అన్నాడు డ్రైవరు.

ఇక్కడ కాస్త లెక్క చెప్పక తప్పదు. పదిహేను ఆంపియర్ల ప్లగ్గు నుంచి మూడు కిలోవాట్లు లాగవచ్చు. కాని పాత భవనాల తీగలు గంటల తరబడి అంత భారం మోయలేవు. ప్లగ్గు వేడెక్కి మాడిపోతుంది. అందుకే తెలిసినవారు కారులో మీట నొక్కి పది ఆంపియర్లకు తగ్గించుకుంటారు. అప్పుడు గంటకు రెండు యూనిట్ల పైచిలుకు ఎక్కుతుంది. రాత్రి తొమ్మిదింటికి తగిలిస్తే ఉదయం ఆరింటికి నిండుతుంది. మార్గమధ్యంలో వోల్టేజీ పడిపోతే ఇంకో గంట. నిండటానికి 18 యూనిట్లే అయినా, దారిలో వేడిగా పోయేది కలుపుకొని మీటరు ఇరవై చూపుతుంది. యూనిటు ఎనిమిది రూపాయలనుకున్నా 160 రూపాయలు. దానితో ఆ బరువు కారు, బ్యాటరీలో అట్టడుగు నిల్వను వాడదు కనుక, అరవై కిలోమీటర్లు నడుస్తుంది. అదే అరవై కిలోమీటర్లకు పెట్రోలు అయిదు, ఆరు లీటర్లు. లీటరు నూరు రూపాయలనుకుంటే 500, 600.

ప్రభుత్వం 2022లో రహదారుల మీద ప్రతి 25 కిలోమీటర్లకు ఒక ఛార్జింగు కేంద్రం ఉండాలని మార్గదర్శకాలు వ్రాసింది. 2024 అక్టోబరులో ఆరంభమైన పి.ఎం. ఇ-డ్రైవ్ పథకపు 10,900 కోట్లలో 2,000 కోట్లు ఈ కేంద్రాలకే కేటాయించింది. పూర్తి విద్యుత్ కార్లకు అవి ప్రాణాధారం. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కు మాత్రం వాటితో పని తక్కువ. వీటిలో చాలా వాటికి వేగపు ఛార్జింగు పట్టదు. పట్టినా అరవై కిలోమీటర్ల కోసం దారిలో గంట ఆగే ఓపిక ఎవరికి? వెనుక ట్యాంకు నిండా పెట్రోలున్నది కదా. ఈ కారుకు బంకు ఇంటి గోడే. ఇంటి కనెక్షను మీద, కార్యాలయపు కనెక్షను మీద ఛార్జి చేసుకోవచ్చునని 2022 జనవరిలో విద్యుత్ శాఖ స్పష్టం చేసింది కూడా. ఆ ఉత్తర్వు ఎంతమంది యజమానులకు తెలుసునో!

రెండవనాటి ప్రయాణం వేరు. జగదల్‌పూర్ బజారులో కారు పిల్లివలె కదిలింది. సంత రోజు, తలల మీద గంపలతో నడిచే స్త్రీలు వెనుక కారున్నదని గ్రహించక దారి ఇవ్వలేదు. డ్రైవరు హారను కొట్టకుండా వారి వెనుకనే మెల్లగా నడిపాడు. విద్యుత్తుకు నిజమైన విలువ ఇక్కడే. ఆగుతూ కదిలే ఊరి రద్దీలో పెట్రోలు ఇంజను చేసే వృథా అంతా ఇంతా కాదు. చాలామంది యజమానులు ఛార్జి చేసి కూడా ఈ లాభం పోగొట్టుకుంటారు. రాయపూర్‌లో నిండా ఛార్జి చేసి బయలుదేరితే రహదారి మీద నూరు వేగంతో పోయి కురూద్ దాటేసరికి బ్యాటరీ ఊడ్చుకుపోతుంది. కేశ్‌కాల్ ఎక్కడానికీ, జగదల్‌పూర్ రద్దీకీ ఏమీ మిగలదు. రహదారి మీద ఇంజనును నడవనిచ్చి, ఛార్జిని ఊరికీ కొండకూ దాచుకునే మీట ఈ కార్లన్నిటిలోనూ దాదాపు ఉన్నది. వెనుకటి గృహిణులు కొత్త ధాన్యం దాచి పాతది ముందు వండినట్లు, ఇది కూడా వాడకపు తెలివి.

దర్భా తరువాత రోడ్డు దిగుతుంది. జగదల్‌పూర్ సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున ఉంటే సుక్మా 210 దగ్గర ఉన్నది. ఝీరం లోయ ఇక్కడే. 2013 మే 25న కాంగ్రెసు నాయకుల వాహనశ్రేణి మీద మావోయిస్టులు జరిపిన దాడిలో నందకుమార్ పటేల్, మహేంద్ర కర్మ మరణించిన చోటు. గాయపడిన విద్యాచరణ్ శుక్లా తరువాత కన్నుమూశారు. ఆ మలుపుల్లో కారు చప్పుడు లేకుండా దిగుతుంటే లోపలున్న ముగ్గురమూ మాట్లాడలేదు.

దిగేటప్పుడు మోటారు తిరగబడి విద్యుత్తు తయారు చేస్తుంది. మనుషులతో కలిసి రెండు టన్నుల పైచిలుకు బరువున్న కారు మూడు వందల మీటర్లు దిగితే రెండు యూనిట్లకు కొంచెం తక్కువ శక్తి విడుదలవుతుంది. అందులో సగానికి కొంచెం పైగా బ్యాటరీలోకి వెనక్కి వస్తుందనుకుంటే మూడు, మూడున్నర కిలోమీటర్ల దూరం ఉచితం. కాని బ్యాటరీలో చోటుండాలి. నూటికి నూరు నింపి కొండ మీదనుంచి నేరుగా దిగేవాడికి ఈ దక్షిణ దక్కదు. నిండిన కుండలో నీరు పట్టదు కదా. అప్పుడు భారమంతా మామూలు బ్రేకుల మీద పడి అవి కాలుతాయి. మాకు జగదల్‌పూర్ నుంచి దర్భా వచ్చేసరికి సగం పైగా ఖర్చయింది గనుక చోటు దొరికింది. మరొక సంగతి. వేసవిలో మే మాసపు ఎండలో నిండు బ్యాటరీతో కారును గంటలకొద్దీ నిలబెట్టడం దాని ఆయుస్సుకు మంచిది కాదు. తెల్లవారుజామున నిండేటట్లు గడియారం పెట్టుకోవడం, రోజువారీ వాడకానికి ఎనభై శాతం దగ్గర ఆపుకోవడం లిథియం బ్యాటరీకి మేలైన అలవాట్లు.

ఇవన్నీ నేను మిత్రునికి వివరిస్తుంటే డ్రైవరు, "మా ఊళ్లో ఇది చిన్నపిల్లకు కూడా తెలుసండీ" అన్నాడు. అతని ఊరు రోడ్డు నుంచి లోపలికి ఉన్నది. స్తంభాలు రాకముందు అక్కడ వెలుతురంటే రాష్ట్ర ప్రభుత్వపు పునరుత్పాదక ఇంధన సంస్థ క్రెడా ఇచ్చిన సౌర దీపమే. ఇంటికప్పు మీద ఒక పలక, మూలన ఒక సీసపు బ్యాటరీ. "పగలు ఫోను పెట్టుకుంటే సరే. పొద్దు వాలిన తరువాత మా అమ్మ ఫోను ముట్టనిచ్చేది కాదండీ. రాత్రి పామో తేలో వస్తే దీపం కావాలని. కొందరు పెట్టెలో తీగ మార్చి టీవీ ఆడించారు. ఆరు నెలల్లో బ్యాటరీ చచ్చిపోయింది." ఆ పెట్టె, బ్యాటరీ మరీ అడుగంటకుండా సరఫరాను ఆపే యంత్రం. సీసపు బ్యాటరీని పదేపదే అడుగంటిస్తే దాని లోపలి పలకలు గట్టిపడి పనికిరాకుండా పోతాయి. కోటి రూపాయల కారు యజమానికి తెలియని క్రమశిక్షణ ఆ తల్లికి తెలుసు. ఆమెకు ఆ పక్కన పెట్రోలు ట్యాంకు లేదు మరి.

బస్తరులో విద్యుత్తు ఎంత ఆలస్యంగా వచ్చిందో దేశరాజధానిలో కూర్చున్నవారికి ఊహకందదు. సుక్మా జిల్లా ఎల్మాగుండలో 2023 ఆగస్టు 15న మొదటిసారి దీపం వెలిగింది. బీజాపూర్ జిల్లా చిల్కాపల్లికి 2025 జనవరిలో కరెంటు వచ్చింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం 'నియద్ నెల్లానార్' పేరిట భద్రతా శిబిరాల చుట్టుపట్ల గ్రామాలకు రోడ్డు, నీరు, కరెంటు ఇచ్చే పథకం ఆరంభించింది. గోండిలో ఆ మాటకు 'మీ మంచి ఊరు' అని అర్థం. శిబిరం ముందా, స్తంభం ముందా అనే వాదం వేరు. దానికి ఒక వారం కాలమ్ చాలదు. ఇంతకూ ఛత్తీస్‌గఢ్ విద్యుత్తుకు కొరత కల రాష్ట్రం కాదు. కోర్బా బొగ్గుతో ఇతర రాష్ట్రాలకు వెలుగునిచ్చేది.

ఆ బొగ్గును కూడా లెక్కలోకి తీసుకోవాలి. మన దేశపు గ్రిడ్ నుంచి వచ్చే ఒక్కొక్క యూనిటుకు ఏడు వందల గ్రాముల పైచిలుకు కర్బన వాయువు విడుదలవుతున్నది. మిత్రుని కారు ఒక యూనిటుతో మూడు కిలోమీటర్లు నడిచిందంటే, గోడ దగ్గరి నష్టాన్ని కలుపుకొని, కిలోమీటరుకు రమారమి 240 గ్రాములు. పెట్రోలు మీద లీటరుకు పది, పదకొండు కిలోమీటర్లు నడిచినా 210, 230 గ్రాములే. అనగా ఇంత బరువైన కారును ప్లగ్గుకు తగిలించినా, బొగ్గు మాట వచ్చేసరికి లాభం ఏమీ లేదు. జేబుకు, ఊరిలోని గాలికి, విదేశీ మారకానికి మాత్రమే లాభం. చిన్న కారైతే, ఇంటి కప్పు మీది సౌర పలకైతే లెక్క తిరుగుతుంది. పన్ను తగ్గించమని వాదించే కంపెనీల పత్రాల్లో ఈ గుణకారం నాకు కనబడలేదు.

కొండ దిగుతూ విద్యుత్తు తీయడం బస్తరుకు కొత్త కాదు. మన విశాఖపట్నానికి అసలే కాదు. 1960లో జపాను ఉక్కు మిల్లులతో కుదిరిన ఒప్పందం ఫలితంగా బైలాడిలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం వేశారు. 1968లో కిరండూల్ గని పని మొదలుపెట్టింది. గనుల యజమాని ఎన్.ఎం.డి.సి. ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉన్నది. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ నుంచి సముద్రపు ఒడ్డుకు ఖనిజపు రైళ్లు దిగుతాయి. ఆ మార్గం 1980లలో విద్యుదీకరణ అయింది. ఇప్పటి త్రీఫేజ్ ఇంజన్లు దిగేటప్పుడు విద్యుత్తు తయారుచేసి పై తీగలోకి తిరిగి పంపగలవు. అయిదు వేల టన్నుల రైలు తొమ్మిది వందల మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి పన్నెండు వేల యూనిట్లు. అందులో కొంత రాపిడికి పోయినా, మిగిలినది ఎదురుగా ఎక్కే ఖాళీ రైలుకు పనికివస్తుంది. అక్కడ ప్లగ్గు తగిలించాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. తీగ ఎప్పుడూ తలమీదనే ఉంటుంది. ఆ రైళ్లలో దిగిన బస్తరు ఇనుము జపాను కొలుముల్లో ఉక్కుగా మారింది. 1997లో మొదటి హైబ్రిడ్ కారును విరివిగా అమ్మకానికి పెట్టిన దేశం అదే. ఆ ఉక్కులో బైలాడిలా వంతు ఎంత అని ఎవరూ తూచలేదు గాని, అటు వెళ్లిన ఖనిజానికి ఇటు దీపం రావడానికి ఎన్నేళ్లు పట్టిందో చిల్కాపల్లి తేదీ చెబుతున్నది. రేపు బ్యాటరీలకు కావలసిన లిథియం వంతు కూడా ఈ రాష్ట్రానికి వచ్చింది. కోర్బా జిల్లా కట్‌ఘోరాలోని లిథియం బ్లాకును 2024లో వేలం వేశారు.

ఢిల్లీకి తిరిగి వచ్చాక పరిశ్రమల శాఖలో పరిచయమున్న ఒక అధికారిని కదిలించాను. 2015లో మొదటి ఫేమ్ పథకం కింద పేరుకు మాత్రమే హైబ్రిడ్ అయిన కార్లకు సైతం రాయితీ ఇచ్చి, 2017లో వాటిని తొలగించుకోవలసి వచ్చిన అనుభవం ఆ శాఖకు ఉన్నది. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం స్ట్రాంగ్ హైబ్రిడ్లకూ ప్లగ్-ఇన్ హైబ్రిడ్లకూ రిజిస్ట్రేషను పన్ను మాఫీ చేసినప్పుడు, తగిలించినవాడికీ తగిలించనివాడికీ ఒకే మాఫీ దక్కింది. "కొన్నవాడు రాత్రి ఏమి చేస్తాడో మేము ఎట్లా చూడగలం?" అన్నాడు అధికారి. చూడవచ్చును. ఎన్ని కిలోమీటర్లు విద్యుత్తుతో నడిచిందో, ఎన్ని లీటర్లు తాగిందో ఈ కార్లు తమలో తామే వ్రాసుకుంటాయి. ఐరోపా తన లెక్కను ఆ వ్రాతల నుంచే తీసింది. అమ్మేనాడు పూర్తి పన్ను వసూలు చేసి, ఏటా ఆ వ్రాత చూసి, విద్యుత్తుతో నడిచిన దూరానికి తగినంత వెనక్కి ఇస్తే ఎవరికీ అభ్యంతరం ఉండనక్కరలేదు. కంపెనీలకు ఉంటుంది, అమ్మకానికి పనికివచ్చేది షోరూములోని తగ్గింపే గాని మరుసటి సంవత్సరపు వాపసు కాదు. అధికారి నవ్వి ఊరుకున్నాడు. పెద్ద హైబ్రిడ్ల మీది 40 శాతాన్ని తగ్గించమనే అర్జీలు ఎన్ని వచ్చినా, వాటిలో ఈ షరతును చేర్చమన్నవాడొకడూ లేడని మాత్రం చెప్పాడు.

మొన్న రాయపూర్ నుంచి మిత్రులు ఫోను చేశారు. కారును ఇప్పుడు ఆఫీసు ఆవరణలో రోజూ రాత్రి తగిలిస్తున్నారట. నెలకు పెట్రోలు సగం తగ్గిందట. కొత్త చిక్కు ఒకటి వచ్చింది. పెట్రోలుకు పద్దు ఉన్నది, కారుకు పోసిన కరెంటుకు లేదు. గుమాస్తా రెండు రోజులు ఆలోచించి దాన్ని కార్యాలయపు దీపాలు, ఫ్యాన్ల కింద వ్రాశాడు. ఆడిటరు ఒప్పుకోలేదు.